సడలింపు ఎవరి చేతిలో?

జీతం లేని పనికి నియమాలెందుకు? ఇష్టంతో వచ్చిన మనిషికి, ఫలానా పద్ధతిలోనే రాయాలి, ఫలానా తేదీకే ఇవ్వాలి, ఫలానావాళ్లు చూసి సరే అన్నాకే చేర్చాలి అని షరతులు పెడితే ఎన్నాళ్లుంటారు? ఈ ప్రశ్న స్త్రీల సంఘాల్లో, చిన్న పత్రికలు నడిపే బృందాల్లో పనిచేసిన అందరికీ పరిచయమే. మీటింగులకి రాని వాళ్లని ఏం చేయాలి, ఎవరి సంతకంతో కరపత్రం వేయాలి, నిర్ణయం ఓటుతోనా ఏకాభిప్రాయంతోనా అని మనం గంటల తరబడి వాదించుకున్నాం. ఈ మధ్య నేను ఇదే ప్రశ్నని మరోచోట వింటున్నాను. కంప్యూటర్‌లో తెలుగు కోసం జీతం లేకుండా పనిచేసే పిల్లల మధ్య.

ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. కంప్యూటర్ సైన్సు నా సబ్జెక్టు కాదు. ఒక తెలుగు మాట సరైనదా కాదా అని అడగడానికి పిల్లలు నా దగ్గరకి రావడంతో ఈ లోకం నాకు పరిచయమైంది. పాతవాళ్లకి ఇబ్రహీంపట్నం అంటే పెద్ద చెరువు. ఇప్పటివాళ్లకి నాగార్జునసాగర్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలు, పొద్దునా సాయంత్రం బారులు తీరే కాలేజీ బస్సులు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, ఇంట్లో ఎవరూ కాలేజీ మెట్లు ఎక్కని కుటుంబాల నుంచి కూడా ఆడపిల్లలు ఈ కోర్సుల్లో చేరారు. వాళ్లలో కొందరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు వచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే సాఫ్ట్‌వేర్ అది. హైదరాబాద్‌లో 2005లో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ ఈ ఆలోచనతోనే మొదలై, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు ఏర్పడటానికి దోహదం చేసింది. తెలుగు వికీపీడియా అంతకుముందే, 2003 డిసెంబరులో మొదలైంది. ఇవి కాక పేరు లేని చిన్న చిన్న బృందాలు ఎన్నో. మెనూల్లోని మాటలని తెలుగులోకి మార్చడం, తప్పులు పట్టడం, ఫాంట్లు సరిచూడడం వీళ్ల పని.

మొదట్లో నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. ఈ ఉద్యమానికి పునాదిలో ఉన్నది చాలా కఠినమైన నియమం. 1989లో వచ్చిన జిపిఎల్ అనే లైసెన్సు ప్రకారం, ఈ ప్రోగ్రామ్‌ని నువ్వు ఎలాగైనా మార్చుకోవచ్చు. కానీ మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే నీకు దొరికిన స్వేచ్ఛే వాళ్లకీ ఇచ్చి తీరాలి. ఈ షరతు లేకపోతే, పదిమంది ఉచితంగా చేసిన పనిని ఒక కంపెనీ తీసుకుని తాళం వేసుకోవచ్చు. అంత షరతు అక్కర్లేదు, ఎవరికెలా కావాలంటే అలా తీసుకోనివ్వండి అనే లైసెన్సులూ ఉన్నాయి. ఆ వాదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నాకు మటుకు ఒక విషయం తెలిసింది. స్వేచ్ఛా నియమమూ శత్రువులు కాకపోవచ్చు. కొన్ని నియమాలు స్వేచ్ఛని బలవంతుల నుంచి కాపాడటానికే ఉంటాయి.

ఇక మా వైపు జరిగిన కథ. ఒక బృందం ఉండేది. పేరెందుకు, ఇలాంటివి చాలాచోట్ల ఉంటాయి. ‘మా దగ్గర లీడర్ లేడు, రూల్స్ లేవు, అందరం ఫ్రెండ్స్’ అని వాళ్లు గర్వంగా చెప్పుకునేవాళ్లు. పని బాగానే సాగేది. ఆడపిల్లలు సగానికి సగం ఉండేవాళ్లు. కొన్నాళ్లకి వాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఒక్క తప్పుమాట అనలేదు. కాలేజీ అయ్యాక అబ్బాయిలు రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర ఆగేవాళ్లు. ఏ పదం ఉంచాలి, ఏది తీసేయాలి, వచ్చే నెల ఏం మొదలెట్టాలి, ఎవరి చేతికి పాస్‌వర్డు ఇవ్వాలి అన్నీ అక్కడే తేలిపోయేవి. ఆ వేళకి ఆడపిల్లలు బస్సులో ఉంటారు, లేదా హాస్టల్ గేటు లోపల ఉంటారు. మిగిలింది రాత్రి పదకొండుకి ఫోన్‌లో జరిగే చర్చ. ఇంట్లో ఒకే గది ఉన్న పిల్ల ఆ వేళకి లైటు వేసుకుని మాట్లాడగలదా? మర్నాడు చూసుకుంటే తను వారం రోజులు కూర్చుని చేసిన అనువాదాలు మారిపోయి ఉండేవి. ఎందుకు మార్చారని అడిగితే, ‘అందరం అనుకున్నాం కదా’ అనేవాళ్లు. ఆ ‘అందరం’లో తను లేనని ఆ పిల్లకి అప్పుడే తెలిసేది.

ఇది విన్నప్పుడు నాకు జో ఫ్రీమన్ గుర్తొచ్చింది. అమెరికాలో స్త్రీ విముక్తి బృందాల్లో పనిచేసిన ఆమె 1970లో ఒక ప్రసంగంగా, 1972లో వ్యాసంగా చెప్పిన సంగతి మనలో చాలామందికి తెలిసిందే. నిర్మాణం లేని బృందం అంటూ ఉండదు. రాసుకున్న నిర్మాణం లేనిచోట రాసుకోని నిర్మాణం ఉంటుంది. స్నేహాలు, ఒకే కాలేజీలో చదవడం, ఒకే రకమైన ఇళ్ల నుంచి రావడం అధికారంగా మారతాయి. పేరు లేని ఆ అధికారాన్ని ఎవరూ నిలదీయలేరు. ఆమె ఈ మాట మగవాళ్ల సంస్థల గురించి చెప్పలేదు, స్త్రీల బృందాల గురించే చెప్పింది. అందుకే అది మనకి అంత గట్టిగా తగిలింది. స్త్రీల ఉద్యమం కోసం రాసిన ఆ వ్యాసాన్ని ఇవాళ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా తమ సమస్యని అర్థం చేసుకోవడానికి చదువుతున్నారు. మనం ఒకప్పుడు పడిన ఘర్షణ ఇంకో తరానికి పనికొస్తోంది.

కాబట్టి నియమాలు రాసుకోవాలి. ఇక్కడివరకూ తేలికే. చర్చ ఒకేచోట అందరికీ కనబడేలా జరగాలి, మూడు రోజులు గడిచాకే నిర్ణయం కావాలి, ఒకరు చేసిన పనిని మారిస్తే కారణం రాయాలి. ఇలాంటివి మూడో నాలుగో ఉంటే చాయ్ బండి దగ్గరి అధికారం చాలావరకు తగ్గిపోతుంది.

కానీ రాసిన నియమం అందరి మీదా ఒకేలా పడుతుందా? తెలుగు వికీపీడియాలో వ్యక్తుల గురించి రాసేటప్పుడు ‘శ్రీ’, ‘గారు’ వాడకూడదు, ఏకవచనంలోనే రాయాలి అనే పద్ధతి ఉంది. నాకు ఈ నియమం అంటే గౌరవం. మంత్రికీ మర్యాద వాచకం లేదు, కూలీకీ లేదు. హోదాని బట్టి, కులాన్ని బట్టి, వయసుని బట్టి క్రియలు మారిపోయే భాషలో ఇది చిన్న విషయం కాదు. ‘ఈయన పెద్దమనిషి, ఈయనకైనా గారు పెట్టండి’ అని సడలించడం మొదలెడితే ఆ సడలింపు ఎవరికి దక్కుతుందో మనకి తెలుసు. అయితే ఆ నియమాన్ని అమలు చేస్తే వచ్చే వాక్యాలు చూడండి. ఆయన జన్మించాడు. ఆమె జన్మించింది. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీకి పడే క్రియ, పశువుకీ వస్తువుకీ పడే క్రియ ఒకటే. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి వెళితేనే స్త్రీలు మగవాళ్లతో పాటు ‘వచ్చారు’ అవుతారు. నియమం సమానంగానే ఉంది, అది వాలిన నేల సమానంగా లేదు.

అప్పుడేం చేయాలి? ఆడవాళ్లకి మాత్రం మినహాయింపు ఇమ్మందామా? అది మళ్లీ మర్యాద పేరుతో దయ చూపించడమే. మెనూలు, సందేశాలు అనువదించే పిల్లలు ఈ ముడిని వేరేగా విప్పుకున్నారు. ‘ఫలానా వాడుకరి ఈ పేజీని మార్చారు’ అని అందరికీ ‘రు’ పెట్టేశారు. ఆ వాడుకరి ఆడో మగో కంప్యూటర్‌కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇందులో మినహాయింపులు లేవు, నియమం ఇంకా కఠినమైంది. కాకపోతే ఎక్కువమందికి న్యాయం చేసేలా మళ్లీ రాసుకున్నారు. సడలించడానికీ తిరిగి రాయడానికీ ఉన్న ఈ తేడా నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

ఇంకో మాట మీద పెద్ద గొడవే అయింది. యాచారం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని, సర్చ్ బటన్‌కి ‘దేవులాడు’ అని రాసింది. సమీక్షించేవాళ్లు కొట్టేశారు. ప్రామాణిక భాష కాదట. ‘వెతుకు’ అని ఉండాలట. ‘మేడమ్, మా అమ్మ ఏదన్న పోతే దేవులాడుతది, వెతకదు’ అంది ఆ పిల్ల. నేను నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఇందులో రెండు నియమాలు కలిసిపోయి ఉన్నాయనిపించింది. ఒక వస్తువుకి ఒకే మాట వాడాలి అనేది మొదటిది. ఇది కఠినంగానే ఉండాలి. ఒకచోట వెతుకు, ఇంకోచోట శోధించు, మరోచోట దేవులాడు అని ఉంటే కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి బెదిరిపోతుంది. ఆ ఒక్క మాట ఏదై ఉండాలి అనేది రెండోది. అది సాంకేతిక విషయం కాదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మధ్య తేలింది? ఆ పదకోశం తయారైన రోజు ఆ గదిలో ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం నుంచి ఎవరైనా ఉన్నారా? మొదటి నియమానికి ఉన్న న్యాయాన్ని చూపించి రెండోదాన్ని ప్రశ్నించనివ్వకపోవడం మన చుట్టూ రోజూ జరిగేదే. ఆఖరికి ‘వెతుకు’ అనే మాటే ఉండిపోయింది. పదకోశాన్ని ఏడాదికొకసారి అందరి ముందూ తెరిచి చర్చించాలనే నియమం మాత్రం కొత్తగా చేరింది. ఆ పిల్ల దాన్ని ఓటమి అనుకోలేదు.

నియమం రాసి ఉండటం, పని మీదే తూచుతామని చెప్పుకోవడం సరిపోవని చూపించే అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. గిట్‌హబ్ అనే వేదిక మీద స్వచ్ఛందంగా పంపిన మార్పులని లక్షల్లో పరిశీలించారు. మొత్తం మీద స్త్రీలు పంపిన మార్పులే మగవాళ్లవాటికన్నా ఎక్కువగా అంగీకారం పొందాయి. కానీ ఆ ప్రాజెక్టుకి కొత్తవాళ్లై, పేరుని బట్టో ఫొటోని బట్టో స్త్రీ అని తెలిసిపోయినప్పుడు ఆ లెక్క తిరగబడింది. నియమావళి మారలేదు. ‘ఈ చిన్న తప్పు పోనీలే, నేను సరిచేస్తాలే’ అనే ఉదారత ఎవరికి దొరికింది, ‘మళ్లీ చేసి తీసుకురా’ అనే కటువు ఎవరికి దొరికింది అన్నదే తేడా. నియమం అందరికీ కనబడుతుంది. సడలింపు రహస్యంగా జరుగుతుంది.

వికీపీడియాలో మొదటినుంచీ ఒక చమత్కారమైన నియమం ఉంది. విజ్ఞాన సర్వస్వాన్ని మెరుగుపరచడానికి ఏదైనా నియమం అడ్డొస్తే దాన్ని పక్కన పెట్టేయండి అంటుంది. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. కానీ పక్కన పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? పదేళ్లుగా రాస్తున్నవాడు నియమం మీరితే అది వివేకం అవుతుంది. నిన్న చేరిన అమ్మాయి మీరితే అది తెలియనితనం అవుతుంది. డోనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన ఇంగ్లిషు వికీపీడియా వ్యాసాన్ని 2018 మేలో తిరస్కరించారు. ఆమె ప్రాముఖ్యాన్ని రుజువు చేసే ఆధారాలు చాలవన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ రోజుకి ఆమె పేరు మీద పేజీ లేదు. నియమాన్ని తూచా తప్పకుండా పాటించిన వాళ్లని తప్పుపట్టడం తేలిక. అయితే ఆధారాలు అడగకపోతే ప్రతి పైరవీకారూ తన పేజీ తనే రాసుకుంటాడు. ఆధారం కావాలనే నియమం ఉండాల్సిందే. స్త్రీల గురించి ఎవరూ రాయకపోవడం వల్లే ఆధారాలు లేవన్న సంగతి కూడా ఆ నియమానికి తెలియాలి. 1978లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కలిసి, వాళ్ల మాటల్లోనే వాళ్ల జీవితాలని రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. అంతకుముందు రాతలో ఆధారాలు వెతికితే ఆ స్త్రీలలో ఎంతమంది దొరికేవాళ్లు? నియమాన్ని వంచమని అడగడం కన్నా, ఆధారాన్ని తయారుచేయడం కష్టమైన పని. ఆ పని మన వైపు స్త్రీలు చేసి చూపించారు.

ఈ విషయాలు మాట్లాడుతున్నప్పుడు ఒక విద్యార్థిని, ‘మా అమ్మ పొదుపు సంఘంలో ఇవన్నీ ఉన్నాయి మేడమ్’ అంది. నిజమే. పొదుపు సంఘాలకి పంచసూత్రాలు ఉంటాయి. క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, ఎప్పటికప్పుడు రాసే లెక్కలు. ఇంతకన్నా కఠినమైన నియమావళి ఏ సాఫ్ట్‌వేర్ బృందానికీ ఉండదేమో. అయినా ఒకామె భర్త ఆసుపత్రిలో ఉంటే ఆ నెల వాయిదా గురించి సంఘం కూర్చుని మాట్లాడుకుంటుంది. ఎవరు అబద్ధం చెబుతున్నారో, ఎవరికి నిజంగా కష్టం వచ్చిందో వాళ్లకి తెలుసు. ఇవాళ ఆమెకి ఆగినవాళ్లు, రేపు తమ వంతు వచ్చినప్పుడు అడగగలరు. సకాలంలో చెల్లించాలనే సూత్రాన్నే మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా తీసుకున్నాయి. అక్కడ వాయిదా తప్పితే తోటి స్త్రీలనే ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు. ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. రెండుచోట్లా సూత్రం ఒకటే. ఒకచోట సడలించే అధికారం ఆ నియమాన్ని మోసేవాళ్ల చేతిలో ఉంది. రెండోచోట ఎక్కడో ఆఫీసులో ఉంది.

ఇన్నాళ్లూ నేను విన్న వాదనలన్నీ నియమం గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా అన్న దగ్గరే ఆగిపోయేవి. నాకు ఇప్పుడు అసలు ప్రశ్న అది కాదనిపిస్తోంది. దేని మీద గట్టిగా ఉండాలి, దేని మీద మెత్తగా ఉండాలి? అధికారం మీద గట్టిగా ఉండాలి. సమయం మీద మెత్తగా ఉండాలి. చాలా బృందాలు దీన్ని తలకిందులు చేస్తాయి. తాళాలు ఎవరి దగ్గరుండాలి, ఎవరి మాట చివరిది అన్న విషయాలని స్నేహం మీద వదిలేస్తాయి. ఆదివారం లోపు ఇవ్వలేదని, రెండు మీటింగులకి రాలేదని మాత్రం మనుషుల్ని తీసేస్తాయి.

అధికారం విషయంలో మెత్తదనం ఎంత ప్రమాదమో 2024లో ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ లోకంలోని ఎన్నో కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే, జీతం లేకుండా చూసుకుంటున్నాడు. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని అతను చెప్పుకున్నాడు కూడా. అప్పుడే కొత్త పేర్లతో కొందరు వచ్చి, పని ఆలస్యమవుతోంది, ఇంకొకరికి అప్పగించు అని సతాయించారు. ఎంతో ఓపికగా, మంచిగా సాయం చేస్తున్నట్టు కనిపించిన ఒకరికి క్రమంగా అధికారం చేతికొచ్చింది. ఆ మనిషి లోపల దొంగదారి పెట్టిన సంగతి 2024 మార్చి 29న బయటపడింది. ఇక్కడ రెండు వైఫల్యాలూ ఒకేచోట ఉన్నాయి. అలసిపోయిన మనిషికి ఆగడానికి వీల్లేకపోయింది. అధికారం చేతులు మారడానికి మాత్రం గట్టి పద్ధతి లేకపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ డెబియన్. 1993లో మొదలైన ఈ స్వచ్ఛంద ప్రాజెక్టు నియమాలకి పేరుపడ్డది. 1997 నుంచి ఒక సామాజిక ఒప్పందం, 1998 నుంచి సొంత రాజ్యాంగం ఉన్నాయి. అక్కడ సభ్యత్వం సులభంగా రాదు. 2004లో ‘డెబియన్ విమెన్’ మొదలవ్వాల్సి వచ్చిందంటేనే అంత రాజ్యాంగమూ స్త్రీలని తీసుకురాలేకపోయిందని అర్థం. అయినా వాళ్ల మార్గదర్శక పుస్తకంలో నన్ను ఆపిన భాగం ఒకటుంది. సెలవు మీద వెళ్లేటప్పుడు ఏం చేయాలో అందులో రాసి ఉంది. నేను కొన్నాళ్లు ఉండను అని తోటివాళ్లకి ఒక కబురు పెట్టాలి. ఈలోగా ఏదైనా అత్యవసరమైతే వేరేవాళ్లు ఎలా సరిచేయాలో దానికీ పద్ధతి ఉంది. పూర్తిగా మానుకోవాలనుకుంటే గౌరవంగా అప్పగించి వెళ్లడానికీ దారి ఉంది. మనిషన్నాక కొన్నాళ్లు రాలేదు, అది నేరం కాదు అన్న సంగతి నియమంలోనే ఉంది.

మా కాలేజీల్లోనూ సడలింపు రాసే ఉంది కదా అంటారు. జెఎన్‌టియు నియమాల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. తగ్గితే, 65 శాతం వరకూ, సరైన కారణం చూపించి, రుసుము కట్టి కండొనేషన్ పొందవచ్చు. రాయకుండా వదిలేయడం కన్నా ఇది నయమే. కానీ ఆ కారణానికి కాగితం కావాలి. జ్వరానికి డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తాడు. అమ్మకి ఆపరేషన్ అయితే ఇంట్లో వండిపెట్టిన పదిహేను రోజులకి ఎవరు సర్టిఫికెట్ ఇస్తారు? పెళ్లిచూపుల కోసం ఊరికి పిలిపించిన వారానికి? నెలసరి నొప్పికి? ఆడపిల్లల గైర్హాజరుకి కారణాలు చాలావరకు కాగితం మీద ఎక్కనివి, నలుగురిలో చెప్పుకోలేనివి. అబ్బాయి ఆలస్యానికి ‘బిజీగా ఉన్నాను’ అంటే సరిపోతుంది. అమ్మాయి ఆలస్యానికి ఇంటి గుట్టు విప్పాలి.

డెబియన్ సెలవు పద్ధతిలో నాకు నచ్చింది ఇక్కడే. అందులో కారణం అడగరు. ఉండనని చెప్పడమే బాధ్యత. ఎందుకుండనో చెప్పడం బాధ్యత కాదు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. అన్నీ రాసుకుంటూ పోతే స్వచ్ఛంద పని కూడా ప్రభుత్వ ఆఫీసు అవుతుంది. నియమాలు బాగా తెలిసినవాళ్లే కొత్త పెత్తందార్లవుతారు. చదువుకున్న పైకులాల మగవాళ్లకి క్లాజులు చదవడం, వాటితో వాదించడం బాగా వచ్చు. రాసిన నియమం కూడా వాళ్ల ఆయుధమే అవుతుంది. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. నియమాలు నలభై పేజీలైతే వాటిని చదివే తీరిక ఉన్నవాళ్లదే రాజ్యం. అందుకే అవి తక్కువగా, ఒక పేజీలో, ఇంటర్ చదివిన పిల్లకి అర్థమయ్యే తెలుగులో ఉండాలంటాను. ప్రతి నియమం పక్కనా అది ఎందుకు పెట్టామో ఒక వాక్యం ఉండాలి. కారణం తెలిస్తేనే అది ఎప్పుడు వర్తించదో కొత్తవాళ్లు కూడా చెప్పగలరు. కారణం రాయని నియమాన్ని పాతవాళ్లు మాత్రమే వ్యాఖ్యానించగలరు. శాస్త్రాలకీ పురోహితులకీ మధ్య ఏం జరిగిందో మనకి కొత్తగా చెప్పుకోనక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం, సమయం మీద అంత మెత్తగా ఉంటే పని ఎప్పటికి అవుతుంది అని. ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు పని వేగంగా అవుతోందంటే దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడాలి. ఆ అబ్బాయి రాత్రి రెండు దాకా కోడ్ రాయగలుగుతున్నాడంటే, పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఇంట్లో ఉన్నారు. అతని స్వచ్ఛంద శ్రమ వెనక ఎవరూ స్వచ్ఛందమని పిలవని శ్రమ ఉంది. తీరిక అందరికీ సమానంగా పంచలేదు కాబట్టి, తీరికని కొలబద్దగా పెట్టుకున్న ఏ నియమమూ న్యాయంగా ఉండదు. పని నాణ్యత దగ్గర రాజీపడమని నేను అనడం లేదు. ఒక అక్షరం విరిగితే విరిగినట్టే, లైసెన్సు తప్పితే తప్పినట్టే. అది చేసింది ఆడపిల్ల కదా అని వదిలేయడం ఆమెని అవమానించడమే. గడువు దగ్గర మాత్రం ఆగండి. ఆమె చేయలేని పనేమీ లేదు, ఆదివారం లోపు చేయలేదంతే.

నాకు ఇంకా తేలని సంగతి ఒకటి ఉంది. సడలింపు రాసిపెట్టినా ఆడపిల్లలు దాన్ని అడగరు. అడిగితే చేతకానివాళ్లమనుకుంటారని భయం. చిన్నప్పటినుంచీ సర్దుకుపోవడం నేర్పాం, సర్దుబాటు కోరడం నేర్పలేదు. కారణం చెప్పనక్కర్లేదని రాసి ఉన్నా వాళ్లు పేజీ నిండా క్షమాపణలు రాసి పంపుతారు. మగపిల్లలు ఆ వెసులుబాటుని హాయిగా వాడుకుంటారు. దీనికి నియమంలో మందు లేదేమో. ఒకటి మాత్రం గమనించాను. బృందంలో పనిభారం ఎక్కువ ఉన్న సీనియర్లు, అందులోనూ మగపిల్లలు కాకుండా ఆడపిల్లలు, ముందుగా ‘ఈ నెల నేను ఉండను’ అని ఒక్క వాక్యంలో, ఏ సంజాయిషీ లేకుండా అందరికీ కనబడేలా రాసినప్పుడు, తర్వాతివాళ్లకి ఆ వాక్యం రాయడం కొంచెం సులువవుతోంది. రాసిన నియమాన్ని అలా ఎవరో ఒకరు ముందు వాడి చూపించాలి. మన సంఘాల్లోనూ, మన పత్రికల్లోనూ, పెద్దవాళ్లమైన మనం ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు రాశామో ఒకసారి లెక్కపెట్టుకోవచ్చు.